తెర మీద గురువు... చేతిలో కుంచె

ఇరవై ఏళ్ల రవివర్మకు నూనె రంగులతో బొమ్మ వెయ్యడం నేర్చుకోవాలని ఒకటే తపన. తిరువనంతపురం ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయకర్‌కు ఆ విద్య తెలుసు గానీ, చెప్పనన్నాడు. అంతలో 1868లో థియోడర్ జెన్సన్ అనే యూరప్ చిత్రకారుడు చిత్తరువులు వెయ్యడానికి తిరువాన్కూరు వచ్చాడు. ఆయనా పాఠం చెప్పడానికి ఒప్పుకోలేదు. తాను వేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూడటానికి మాత్రం సరేనన్నాడు. రవివర్మకు అది చాలింది. చూసినదాన్ని తనంతట తాను వేసి చూసుకుంటూ పట్టు సాధించాడు. దేవుళ్లను ఇంటింటి గోడమీదికీ తెచ్చిన ఆ చెయ్యి నూనె రంగుల పనిని అలా ఇంకో చేతిని చూసి అందుకుంది.

ఇవాళ ఫోన్లో, లాప్‌టాప్‌లో బొమ్మల పాఠాలు చూసి నేర్చుకుంటున్న వాళ్లందరిదీ దాదాపు ఆ పద్ధతే. మనకు ఇంకొంచెం వెసులుబాటు ఉంది. జెన్సన్ ఒకసారి పెట్టిన రంగును మళ్లీ పెట్టి చూపించడు. మనం పది సెకన్లు వెనక్కి జరిపి, కుంచె కాగితాన్ని ఎక్కడ తాకిందో, ఎక్కడ లేచిందో ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు.

నేను బొమ్మలు వేసుకుని బతికే మనిషిని. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి, సైన్‌బోర్డుల దుకాణంలో అక్షరాలు దిద్ది, ఆ తర్వాత వారపత్రికల కథలకూ పిల్లల పుస్తకాలకూ బొమ్మలు వేస్తూ వచ్చాను. ఫ్లెక్సీలొచ్చి సైన్‌బోర్డుల పని పోయింది. కరోనా వచ్చి కొన్ని పత్రికలు అచ్చే ఆపేశాయి. ఆన్‌లైన్ కోర్సుల్లో చేరడం అప్పుడు మొదలైంది. ఉచితంగా దొరికేవి, డబ్బు కట్టి చేరేవి, ముందే రికార్డు చేసి పెట్టినవి, వేళకు కూర్చుంటే గురువు ఎదురుగా మాట్లాడేవి... అన్నిట్లోనూ కూర్చున్నాను. వాటివల్ల నా పనికి చాలా మేలు జరిగింది. అందుకే కొత్తగా చేరాలనుకునేవాళ్లకు ఒక్క మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. వీడియో గురువు చేతిని మనకు చూపిస్తుంది. మన చేతిని మాత్రం ఎవరికీ చూపించదు. మనం గీసిన గీతను చూసి ‘ఇదిగో, ఇక్కడ తప్పింది’ అని చెప్పే ఏర్పాటు ఏదో ఒక రూపంలో ఉన్న కోర్సే పని నేర్పుతుంది. కోర్సులో అది లేకపోతే మనమే చేసుకోవాలి.

పోస్టులో వచ్చిన పాఠాలు

దూరాన ఉండి బొమ్మలు నేర్చుకోవడం ఇంటర్నెట్‌తో వచ్చిన అలవాటేమీ కాదు. 1880లో, ఇక చిత్రకారుణ్నే అవుతానని నిశ్చయించుకున్నప్పుడు విన్సెంట్ వాన్‌గో బెల్జియం బొగ్గుగనుల ప్రాంతంలో ఉన్నాడు. షార్ల్ బార్గ్ తయారుచేసిన డ్రాయింగ్ కోర్సు అచ్చు ప్రతులు సంపాదించి, ఒక్కో పేజీనీ ఎదురుగా పెట్టుకుని గీశాడు. ఒక విడత అయ్యాక మళ్లీ గీశాడు. పదేళ్ల తర్వాత, పేరున్న బొమ్మలన్నీ వేశాక కూడా, అదే కోర్సు తెప్పించుకుని ఇంకోసారి కూర్చున్నాడు.

అమెరికాలో ‘పీనట్స్’ కార్టూన్లు వేసిన చార్లెస్ షుల్జ్ మిన్నియాపొలిస్‌లోని ఒక పోస్టల్ కోర్సులో నేర్చుకున్నవాడు. విద్యార్థి బొమ్మ వేసి పంపితే, అక్కడి ఉపాధ్యాయుడు తప్పులు దిద్ది తిరిగి పంపడం ఆ కోర్సు పద్ధతి. తర్వాత షుల్జ్ కూడా అదే సంస్థలో బొమ్మలు దిద్దే ఉద్యోగం చేశాడు. ‘పీనట్స్’లోని చార్లీ బ్రౌన్ పాత్ర పేరు అక్కడి సహోద్యోగిదే. ఆ కోర్సు నడిచినంతకాలం నడవడానికి కారణం ఆ దిద్దుబాటేనని నా నమ్మకం.

మన దగ్గర అప్పట్లో ఇలాంటి అవకాశం ఎవరికుంది? రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కంటపడబట్టి దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూలు దాకా వెళ్లగలిగాడు. నేర్చుకుని తిరిగొచ్చి, తనలాంటి పిల్లలు అంతదూరం పోనక్కర్లేకుండా రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో, ముప్ఫై ఏళ్లయినా నిండకుండా మశూచితో పోయాడు. ఆయన అంత ఆరాటపడింది నేర్చుకునే చోటు మన ఊళ్లో ఉండాలనే. ఇప్పుడు ఏ ఊరి పిల్లవాడికైనా ఆ చోటు అరచేతిలో ఉంది. దాన్నెలా వాడుకోవాలన్నదే మిగిలిన సంగతి.

గీత దగ్గర్నుంచి మళ్లీ

డ్రాబాక్స్ అని ఉచితంగా దొరికే కోర్సు ఒకటుంది. చేతిలో పని ఉన్నవాళ్లు కూడా మొహమాటపడకుండా మొదటి పాఠం నుంచి చెయ్యాల్సిన కోర్సు అది. పెన్సిలూ రబ్బరూ పక్కనపెట్టి ఇంకు పెన్ను తీసుకోమంటుంది. కాగితం మీద రెండు చుక్కలు పెట్టాలి. గీత గీసే ముందు, పెన్ను కాగితానికి తగలకుండా గాల్లోనే ఆ చుక్క నుంచి ఈ చుక్కకు చేతిని నాలుగైదుసార్లు ఆడించాలి. మణికట్టు కదలకూడదు, కదలిక భుజం నుంచి రావాలి. దారి చేతికి అలవాటైందనిపించాక ఒక్క ఊపున గీసెయ్యాలి. చివరి చుక్కను దాటిపోయినా ఫర్వాలేదు, గీత వణక్కూడదు.

ఈ పాఠం వింటుంటే సైన్‌బోర్డు దుకాణంలో మా మేస్త్రీ మాటలు చెవిలో మోగాయి. చేతికింద కర్ర ఆనించుకుని, ‘ఆగితే అక్షరం వణుకుద్దిరా, చూపు చివర్న పెట్టి లాగెయ్’ అనేవాడు. ఆయన నోటిమాటగా చెప్పిన రహస్యాన్ని ఈ కోర్సు మెట్లు కట్టి, ఒక్కో మెట్టుకూ అభ్యాసం పెట్టి ఇచ్చింది.

గీతల తర్వాత వలయాలు, ఆ తర్వాత 250 పెట్టెలు. స్కేలు లేకుండా, పెట్టెను రకరకాల కోణాల్లో తిప్పి గీయాలి. గీశాక ఇంకో రంగు పెన్నుతో పెట్టె అంచులన్నిటినీ పొడిగించాలి. దూరం పోయేకొద్దీ ఒకచోటికి దగ్గరవ్వాల్సిన గీతలు కొన్ని ఎటో విడిపోతాయి, కొన్ని ముందే ఢీకొంటాయి. పెట్టె చూడ్డానికి చక్కగా ఉన్నా, పొడిగించిన ఎర్రగీతలు అసలు సంగతి బయటపెడతాయి. పక్కన గురువు లేడు, అయినా దిద్దుబాటు ఉంది. ఈ కోర్సు తయారుచేసినవాళ్ల తెలివంతా ఆ ఎర్రగీతల్లో ఉంది. అభ్యాసం చేస్తూ పోతే వీధి మలుపులో ఆటోను, మంచం కింద ట్రంకుపెట్టెను, గుడి గోపురాన్ని ఏ వైపు నుంచి గీయమన్నా చెయ్యి వెనకాడదు. కథల బొమ్మలు వేసేవాడికి అంతకంటే ఏం కావాలి?

వాళ్లు పెట్టిన ఇంకో షరతు మరీ నచ్చింది. బొమ్మలకు కేటాయించిన సమయంలో సగం మాత్రమే అభ్యాసాలకు ఇవ్వాలి. మిగతా సగం మనకిష్టమైన బొమ్మ, బాగా వచ్చినా రాకపోయినా, కేవలం ఇష్టం కొద్దీ వెయ్యాలి. ఈ నియమం మా బళ్లలో ఉండి ఉంటే హయ్యర్ పరీక్షతోనే కుంచె వదిలేసిన నా స్నేహితులు కొందరు ఇవాళ్టికీ బొమ్మలు వేస్తూ ఉండేవాళ్లు.

ఒంటరిగా నేర్చుకునేవాడు తనను తాను దిద్దుకోవడానికి పాతకాలం నుంచే కొన్ని ఉపాయాలున్నాయి. వేసిన బొమ్మను అద్దంలో చూసుకోమని లియొనార్డో డావిన్చీ రాసిపెట్టాడు. ఎడమ కుడి తారుమారయ్యేసరికి, కన్ను అలవాటుపడిపోయిన వంకర టక్కున దొరుకుతుంది. ఇప్పుడు ఫోన్లో ఫొటో తీసి అద్దంలోలా తిప్పితే అదే పని. బెటీ ఎడ్వర్డ్స్ 1979లో వచ్చిన తన పుస్తకంలో, పికాసో గీసిన స్ట్రావిన్‌స్కీ బొమ్మను తలకిందులుగా పెట్టి చూసి గీయమంటుంది. ముక్కు, చెయ్యి అని గుర్తుపట్టే వీల్లేకపోయేసరికి ఉన్న గీతను ఉన్నట్టే గీస్తాం. రంగుబొమ్మను ఫోన్లో నలుపు తెలుపుగా మార్చి చూస్తే వెలుగునీడలు ఎక్కడ కలిసిపోయాయో తెలిసిపోతుంది. పత్రిక బొమ్మలకు నేను దీన్ని రోజూ వాడతాను.

బెజవాడ ఎండలో నీటిరంగులు

నీటిరంగుల పాఠాలు చెప్పే పేరున్న గురువుల్లో చాలామంది చలిదేశాలవాళ్లు. కాగితమంతా తడిపి, ఆకాశం రంగు పరిచి, ‘ఇప్పుడు కాసేపు ఆగుదాం, తర్వాత మేఘాలు’ అంటారు. మే నెలలో విజయవాడలో ఆగడానికేముంది? కుంచె ఆ చివరికి చేరేలోపు ఈ చివర ఆరిపోయి గట్టి అంచు కడుతుంది. ఫ్యాన్ వేస్తే అదీ లేదు, నిమిషాల్లో కాగితం అప్పడంలా పైకి లేస్తుంది. వానాకాలం తీరప్రాంతంలో ఇందుకు పూర్తిగా తిరగబడుతుంది. గాలి నిండా తేమ, రెండో పూత వెయ్యాలంటే మధ్యాహ్నం భోజనం చేసి వచ్చినా కాగితం ఆరదు.

అందుకని గడియారం చూడటం మానేసి కాగితం మెరుపు చూడటం నేర్చుకోవాల్సి వచ్చింది. అన్ని కోర్సుల సారం నిజానికి ఇక్కడే ఉంది. తడి కాగితాన్ని కంటి ఎత్తుకు తెచ్చి పక్కవాటుగా చూడాలి. అద్దంలా మెరుస్తుంటే వేసిన రంగు తనిష్టం వచ్చినట్టు పాకిపోతుంది. అది ఆకాశానికీ పొగమంచుకీ పనికొస్తుంది. మెరుపు తగ్గి పట్టుబట్టలా ఉన్నప్పుడు రంగు పెట్టినచోటే ఉండి, అంచులు మాత్రం మెత్తబడతాయి. దూరపు చెట్లకూ, చెంపమీద నీడకూ అదే అదను. మెరుపు పూర్తిగా పోయి, వేళ్ల వెనకవైపు ఆనిస్తే మాత్రం ఇంకా చల్లగా తగులుతుంది చూడండి, అప్పుడు కుంచె దూరం పెట్టాలి. ఆ దశలో నీళ్లున్న కుంచె తగిలిందంటే ఆ నీరు, కాగితంలో సగం కుదురుకున్న రంగును అంచులకు నెట్టేసి కాలీఫ్లవర్ పువ్వులాంటి మరక చేస్తుంది. దాన్ని తీసెయ్యడం ఎవరి తరమూ కాదు.

మెరుపు చదవడం వచ్చాక బెజవాడ ఎండకు తగ్గ ఉపాయాలు వాటంతటవే తోచాయి. నూటికి నూరుపాళ్లు కాటన్‌తో చేసిన 300 జీఎస్సెమ్ కాగితాన్ని రెండువైపులా బాగా తడిపి, ప్లాస్టిక్ పలక మీద పరిస్తే కిందివైపు తడి పైదాన్ని ఎక్కువసేపు నిలబెడుతుంది. ఫ్యాన్ ఆపుకుని తెల్లవారుజామున కూర్చుంటే ఇంకా మేలు. రంగు ముందే పెద్ద గిన్నెలో ధారాళంగా కలిపి పెట్టుకోవాలి, మధ్యలో కలపడానికి ఆగితే అంచు కట్టినట్టే. గుజ్జుకాగితం మీద ఇవేవీ నడవవు. కోర్సు ఫీజులో కొంత తగ్గించుకునైనా కాగితం మీద పెట్టండని అందుకే చెబుతుంటాను. కుంచె ఒకటి తక్కువైనా నష్టం లేదు.

మన వాతావరణంలో, మన వీధుల్లో కూర్చుని వేసే గురువులు దొరికితే వదులుకోకూడదు. పుణె చిత్రకారుడు మిలింద్ ముళిక్ పాఠాల్లో ఎండ మన ఎండలానే ఉంటుంది. నీడలు నల్లగా కాకుండా ఊదారంగులో వెచ్చగా పడతాయి. ఆయన బజారు వీధి బొమ్మ వేస్తుంటే చూస్తే, వన్‌టౌన్‌లో స్కెచ్‌బుక్ తీసుకుని కూర్చోవాలనిపిస్తుంది.

చామనచాయకు పాఠం ఏది?

మనుషుల ముఖాలకు రంగు వెయ్యడం గురించి జేమ్స్ గర్నీ 2010లో రాసిన ‘కలర్ అండ్ లైట్’ పుస్తకాన్ని చాలా కోర్సులు ఆధారంగా తీసుకుంటాయి. నుదురు కాస్త పసుపు పాలుతో, ముక్కూ చెంపలూ చెవులూ ఎరుపుతో, గడ్డం దగ్గర నీలిబూడిద పాలుతో ముఖం మూడు పట్టీలుగా ఉంటుందని ఆ పాఠం. తెల్లవాళ్ల ముఖాల మీద ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మా వీధిలో పూలమ్మే ఆవిడ ముఖానికి దాన్నే వర్తింపజేస్తే ముఖం ప్లాస్టర్ బొమ్మలా తేలుతుంది.

ఎందుకో తెలుసుకోవడానికి ఆమె అనుమతితో మిట్టమధ్యాహ్నం పూలబండి పక్కన కూర్చుని గమనించాను. ముదురు చాయ మీద ఆ ఎరుపు పట్టీ అంత తేలిగ్గా పైకి కనబడదు. చర్మం మీది మెరుపులు మాత్రం ఎంతో స్పష్టంగా ఉంటాయి. చెంప ఎముక మీద పడ్డ మెరుపు తెల్లగా లేదు, పైనున్న ఆకాశం నీలం అందులో ఉంది. దవడ కింద నీడలో, కట్టుకున్న పసుప్పచ్చ చీర కొంగు కాంతి పడి నారింజరంగు వెలుగుతోంది. నల్లరంగు కలిపి ముదురు చెయ్యాల్సిన చోటు ఆ ముఖంలో ఎక్కడా లేదు. బర్న్‌ట్ సియెన్నాలో అల్ట్రామెరీన్ నీలం కలుపుతూ పోతే ఎంత లోతైన నీడైనా, ప్రాణం పోకుండా, దొరుకుతుంది.

గర్నీ పాఠం తప్పని అనను. చర్మానికి ఒక్క రంగు ఉండదు, చుట్టూ ఉన్నవన్నీ దానిమీద పడతాయి అన్నదే దాని అసలు సారాంశం. అది మన ముఖాలకూ వర్తిస్తుంది. తోట వైకుంఠం బొమ్మల్లో తెలంగాణ స్త్రీల నల్లటి ఒళ్లు ఎర్రచీర పక్కన, పసుపు పక్కన అంత నిండుగా నిలబడటానికి రంగుకు రంగు ఇచ్చే ఆసరాయే కారణం. కోర్సు అయ్యాక వైకుంఠం బొమ్మల ముందు నిలబడితే ఆ పాఠంలో సగం తెలుగులో విన్నట్టయింది. మన చాయ మీద, మన ఎండలో, చీర కుచ్చిళ్ల మడతలతో సహా, వరుసగా మెట్లు కట్టి చెప్పే పూర్తి తెలుగు కోర్సు మాత్రం నాకింకా తారసపడలేదు. మన దగ్గర చెప్పగలిగినవాళ్లు ఉన్నారు. వాళ్లు కెమెరా ముందుకు రావాలని నా కోరిక.

తెర మీద వేసి, ప్రెస్సుకు పంపి

డిజిటల్ బొమ్మలకు తెరలేని పెన్ టాబ్లెట్‌తో మొదలుపెట్టాను. చెయ్యి బల్లమీద, చూపు కంప్యూటర్ తెరమీద. మొదట్లో పరాయి చేతితో గీసినట్టుంటుంది, కొన్నాళ్లకు ఆ తేడాయే మరిచిపోతాం. క్రిటా అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, దాని మీద పాఠాలూ ఉచితమే. అందులో చెయ్యి వణుకును సర్దేసే సౌకర్యం ఉంటుంది. నేను దాన్ని ఆపేసే గీస్తాను. బాపు గీత చూసి పెరిగిన కళ్లకు, యంత్రం నునుపు చేసిన గీత నచ్చదు. వెనక్కి తీసుకునే బటన్ కూడా గీతలో తెగువను చంపుతుంది. ఇంకు పెన్నుతో కాగితం మీద చేసిన అభ్యాసం ఇక్కడ చాలా కాపాడింది.

ఏ కోర్సూ సరిగ్గా చెప్పని విషయం ఒకటుంది, పత్రికలకు పనిచేసేవాళ్లకు అదే ముఖ్యం. తెరమీద మెరిసే నీలం, చిలకపచ్చ అచ్చులో అలాగే రావు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది. ప్రెస్సు నాలుగు ఇంకులతో సరిపెట్టుకోవాలి. బొమ్మ మొదలుపెట్టేటప్పుడే ఆ నాలుగు ఇంకుల సీఎంవైకేలో ఎలా కనబడుతుందో చూసుకుంటూ వెయ్యాలి. ఈ పాఠం నాకు చెప్పింది డీటీపీ ఆపరేటర్లు, ప్రెస్సులో మెషిన్ దగ్గర నిలబడే మనుషులు.

ఎవరు చూస్తున్నారు?

బాబ్ రాస్ పేరు వినని ఆన్‌లైన్ విద్యార్థి ఉండడు. 1983 నుంచి 1994 దాకా అమెరికన్ టీవీలో 403 భాగాలు చేశాడు. అరగంటలో తడిమీద తడిగా నూనె రంగులు వేసి కొండలూ సరస్సూ నిలబెట్టేవాడు. ఎవరైనా వెయ్యగలరన్న ధైర్యం ఆయన ఇచ్చినంత ఇంకెవరూ ఇవ్వలేదు. ఆ ధైర్యం గొప్ప కానుక. దానితోపాటు ఒక సంగతి తెలుసుకోవాలి. కార్యక్రమానికి ముందే ఆయన అదే బొమ్మను ఒకసారి వేసి కంటికి ఎదురుగా పెట్టుకునేవాడు. కెమెరా ముందు వేసేది రెండోది. పుస్తకం కోసం తర్వాత ఇంకొకటి వేసేవాడు. మనం చూసే ఆ సునాయాసం వెనక తెరకు అవతల ఒక పూర్తి బొమ్మ నిలబడి ఉంది.

ఇప్పుడు వచ్చే వీడియోల్లో ఇది మరీ ఎక్కువైంది. డబ్బు కట్టి చేరిన ఒక కోర్సులో ముఖ్యమైన భాగమంతా వేగం పెంచి చూపించారు. నాలుగు గంటల పని ఆరు నిమిషాల్లో పరుగెత్తింది. గురువు ఎక్కడ ఆగి ఆలోచించాడు, ఏ రంగు పెట్టి తుడిచేశాడు అన్నది అందులో ఉండదు. నేర్చుకునేవాడికి కావాల్సింది సరిగ్గా అదే. అందుకే చేరేముందు నమూనా పాఠం చూసి, అసలు వేగంతో ఎంతసేపు చూపిస్తున్నారో, వేసిన బొమ్మను పంపితే ఎవరైనా చూసి చెబుతారో లేదో కనుక్కోవాలి. వాళ్లు వాడే రంగులు మన ఊరి దుకాణంలో దొరుకుతాయా అన్నది కూడా.

చేరిన ఉత్సాహం చివరిదాకా నిలవకపోవడం మన ఒక్కరి బలహీనత కాదు. హార్వర్డ్, ఎంఐటీ ఆన్‌లైన్ కోర్సుల్లో 2017-18లో చేరినవాళ్లలో పూర్తిచేసినవాళ్లు నూటికి ముగ్గురే. అంత పేరున్న చోటే అలా ఉంది. ఎదురుచూసే మనిషి లేని చదువు అలాగే జారిపోతుంది.

మాకు మేం చేసుకున్న ఏర్పాటు ఒక వాట్సాప్ గ్రూపు. నాలాగా బొమ్మలు వేసేవాళ్లం, ఒక డ్రాయింగ్ మాస్టారు, హైదరాబాద్ యానిమేషన్ స్టూడియోలో పనిచేసే తమ్ముడొకడు. ఆదివారం సాయంత్రం ఎవరి అభ్యాసం వాళ్లు పెడతాం. ‘బాగుంది’, ‘సూపర్’, దండం బొమ్మలు నిషేధం. చూడగానే కన్ను ఎక్కడ ఆగింది, ఎక్కడ తడబడింది అన్నదే చెప్పాలి. ‘అన్నా, ఆ ముసలాయన కుడిచెయ్యి భుజానికి అతకలేదు, మోచెయ్యి దగ్గర్నుంచి మొదలుపెట్టి గీసినట్టున్నారు’ అని ఆ తమ్ముడు ఒకసారి రాశాడు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని వారమంతా భుజాలే గీశాను. ఎంత పెద్ద గురువు వీడియో అయినా నా బొమ్మలోని ఆ ముసలాయన భుజాన్ని చూడలేదు కదా.

వెళ్లలేని మ్యూజియాలు

పెద్ద బొమ్మల్ని దగ్గరగా చూడటమూ పాఠమే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం రెంబ్రాంట్ ‘నైట్ వాచ్’ను 717 గిగాపిక్సెల్స్ ఫొటో తీసి 2022లో అందరికీ తెరిచిపెట్టింది. పక్కపక్క పిక్సెల్స్‌కు మధ్య దూరం 5 మైక్రాన్లు. కాపలాదారు తాడు దాటుకుని వెళ్లి ముక్కు ఆనించినా అంత కనబడదు. అక్కడక్కడా కుంచె దట్టంగా వదిలిన రంగు గట్టులా నిలబడి ఉండటం, పగిలిన పూత కింద ఇంకో పొర... గంటలు గడిచిపోతాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లోనే 3,75,000 ఫొటోలను ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసింది. మన మ్యూజియాల్లోని బొమ్మల్ని, మరీ ముఖ్యంగా రాజమండ్రి గ్యాలరీలోని దామెర్ల చిత్రాల్ని ఇంత దగ్గరగా చూసే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.

కొరియర్‌లో వచ్చిన కరక్కాయ గుడ్డ

అన్నిట్లోకీ నాకు తృప్తినిచ్చింది శ్రీకాళహస్తి కలంకారీ ఆన్‌లైన్ తరగతి. తరతరాల నుంచి దేవాలయాల గుడ్డల మీద రామాయణ భారతాలు గీసిన ఊరది. పని సన్నగిల్లిపోతున్నప్పుడు 1950ల్లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. లాక్‌డౌన్‌లో ఎగ్జిబిషన్లు ఆగిపోయినప్పుడు హస్తకళల పనివాళ్లు చాలామంది ఫోన్లో పాఠాలు మొదలుపెట్టారు. నేను చేరింది అలా మొదలై ఇప్పటికీ సాగుతున్న తరగతిలో.

పాఠానికి ముందే కొరియర్‌లో పొట్లం వచ్చింది. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ, లేత పసుపురంగులో, పాలవాసనతో. చింతపుల్లల బొగ్గు. మొన చెక్కి, కొంచెం పైన గుడ్డపీలిక చుట్టి దారం బిగించిన వెదురు కలం. సీసాలో కసిం. ఇనపముక్కలు, బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరేసి తీసిన ద్రవం అది.

కలాన్ని కసింలో ముంచి, చుట్టిన పీలికను వేలితో నొక్కితే మొనకు చుక్క దిగుతుంది. గుడ్డమీద గీసినప్పుడు గీత నీళ్లకావిగా, ఉందా లేదా అన్నట్టు పడుతుంది. చూస్తుండగానే కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి అది నల్లబడుతుంది. పాలలోని వెన్న ఆ గీతను పక్కకు పాకనివ్వదు. ఇక్కడ చెరపడం లేదు. గాల్లో చెయ్యి ఆడించి, భుజం నుంచి ఒక్క ఊపున గీసే అలవాటు ఈ గుడ్డ దగ్గర అక్కరకొచ్చినంత ఎక్కడా రాలేదు.

అందరి గుడ్డలూ గురువుగారికి కనబడేలా కెమెరాలు కిందికి వంచి పెట్టించారు. మాలో ప్రతి ఒక్కరి చెయ్యీ ఆయన చూస్తూనే ఉన్నారు. ‘సార్, మీరు కలం మరీ నిలబెడతా ఉండారు, కొంచిం పడుకోబెట్టండి. పీలిక గట్టిగా ఒత్తబాకండి, చుక్క రాలిపోతాది’ అని నాకు చెప్పి, వెంటనే ఇంకొకరి నెమలి మెడ దగ్గరికి వెళ్లిపోయేవారు. రికార్డు చేసిన వంద పాఠాలు చెయ్యలేనిది ఆ ఒక్క ‘పడుకోబెట్టండి’ చేసింది.

ఎర్రరంగు దగ్గర ఆయన పాఠం ఆపేశారు. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి ఆరబెట్టాక, గుడ్డను పారేనీళ్లలో ఉతకాలి. ఆ తర్వాతే ఎరుపునిచ్చే మొక్కవేరు రంగులో ఉడకబెట్టడం. నిలవనీళ్లలో ఉతికితే గుడ్డ నుంచి వదిలిన పటిక పక్కన అంటుకుని, ఉడకబెట్టినప్పుడు అక్కడా ఎరుపెక్కుతుంది. గుడ్డను నీటివాలుకు ఎలా పట్టుకోవాలి, ఎంతసేపట్లో తీసెయ్యాలి అన్నది చేతికే తెలియాలట. ‘ఉతికేది నేర్చుకోవాలంటే మీరు ఈడికి రావాల్సిందే సార్. అది కెమెరాతో అయ్యే పని కాదు’ అన్నారు. తెర ఎంతవరకు నేర్పగలదో అంత కచ్చితంగా తెలిసిన గురువును నేనింకా చూడలేదు.

సంక్రాంతి వెళ్లాక, స్వర్ణముఖి నదిలో నీళ్లుండగా రమ్మన్నారు. బ్యాచ్‌లో ఉన్న బెంగళూరు అమ్మాయి, సెలవులకు డల్లాస్ నుంచి వచ్చే ఒకావిడ కూడా వస్తామన్నారు. ఎవరి గుడ్డ వాళ్లే తెచ్చుకోవాలి, పటిక పూసి, పూర్తిగా ఆరబెట్టి, ఇంట్లో మాత్రం తడపకుండా.